అడ్డపొగ నేర్పిన పాఠం

(మఫ్రఖ్‌లో తెలుగు తరగతి విద్యార్థులను ఉద్దేశించి ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



మీరు నివసిస్తున్న ఈ చోటు పేరులోనే ఒక అర్థం ఉంది. అరబ్బీ భాషలో 'మఫ్రఖ్' అంటే దారులు చీలే చోటు. మనం తెలుగులో కూడలి అంటాం. ఇక్కడి నుంచి ఒక బాట అల్ ఐన్ వైపు, ఒకటి దుబాయి వైపు, మరొకటి పడమటగా సౌదీ సరిహద్దు వైపు సాగిపోతాయి. కూడలికి వచ్చిన బాటసారి ఒక్క నిమిషం ఆగి ఎటు పోవాలో చూసుకుంటాడు. పన్నెండు, పదమూడేళ్ళ మీ వయస్సు కూడా అటువంటి కూడలే. పెద్దయ్యాక మనిషిని పట్టి పీడించే అలవాట్లు చాలావరకు ఈ వయస్సులోనే మొదలవుతాయి. అందుకే ఈనాడు పొగాకును గూర్చి మీతో మాట్లాడదలచాను.

"పొగ తాగరాదు" అనే మాట మీకు తెలిసినదే. విమానాశ్రయంలో, ఆసుపత్రిలో, బస్సులో గోడలపై చదివే ఉంటారు. ఆ మాటను మరొకసారి వల్లించడం నా ఉద్దేశం కాదు. ఆ మాట వెనుక ఎవరి శ్రమ ఉన్నదో, ఎవరి బాధ ఉన్నదో, మన తెలుగువారికి అందులో ఎంత పాత్ర ఉన్నదో చెప్పాలని నా కోరిక.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టిన ఈ మొక్కను సుమారు నాలుగు వందల ఏళ్ళ క్రిందట పోర్చుగీసువారు భారతదేశానికి తెచ్చారు. తరువాత అది మన ఇంటి మనిషిలా కలిసిపోయింది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో వర్జీనియా పొగాకు పండింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆడవాళ్ళు చాటలు ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట లేని ఇల్లు అరుదు. గురజాడ వారి 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్టను ఆకాశానికెత్తుతూ పద్యం చదివితే మనం నేటికీ నవ్వుకుంటాం. నవ్వుకోవచ్చు, అది నాటకం. కాని చుట్ట కాల్చిన నోరు మాత్రం నాటకం కాదు.

మీలో కొందరి నాన్నలు, బాబాయిలు, మామయ్యలు ఈ మఫ్రఖ్ కార్మిక వసతుల్లోనే ఉండి పనిచేస్తున్నారు. వారిలో చాలామంది బీడీలు చుట్టే ఆ జిల్లాల నుంచే వచ్చారు. తండ్రి ఇక్కడ ఎండలో ఇనుము మోస్తుంటాడు. తల్లి అక్కడ వసారాలో కూర్చుని బీడీలు చుడుతుంటుంది. కనుక పొగాకు ముచ్చట మనకు దూరపు ముచ్చట కాదు.

ఇక శ్రీకాకుళం జిల్లాకు వెళదాం. ఈ పాఠానికి గుండెకాయ అక్కడ ఉంది.

సాధారణంగా చుట్ట తాగేవారు నిప్పు ఉన్న కొసను బయట ఉంచి, రెండవ కొసను నోట పెట్టుకుంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో చాలామంది, అందులోనూ ఆడవారు, నిప్పు ఉన్న కొసనే నోటిలోపల పెట్టుకొని పొగ పీల్చేవారు. దీనినే 'అడ్డపొగ' అంటారు. మీకు వింతగా ఉందా? వారికి మాత్రం వింత కాదు. చిన్ననాట అమ్మను చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటు అది. నిప్పు నోట్లో ఉంటే గాలికి ఆరిపోదు. బూడిద బట్టల మీద రాలదు. చుట్ట ఎక్కువసేపు నిలుస్తుంది. చేలో నాట్లు వేసే చేతులకు, పొయ్యి దగ్గర వంట చేసే చేతులకు అడ్డం ఉండదు. ఇలా ఆ అవ్వలకు వారి కారణాలు వారికి ఉన్నాయి.

అయితే నిప్పుకు కారణాలతో పని లేదు. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది నోటి పైకప్పుకు. దానిని 'అంగిలి' అంటారు. మీ నాలుకను పైకి ఆనించి చూడండి. గట్టిగా తగిలేదే అంగిలి. ప్రపంచంలో మిగిలిన చోట్ల అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మన కోస్తా జిల్లాల ఆసుపత్రులకు మాత్రం అటువంటి రోగులు పదే పదే వస్తూ ఉండేవారు. ఎందుకు? 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు అనే ఇద్దరు వైద్యులు ఈ సంగతిని ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చడమే కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు మూలమని వారు చూపారు.

ఆసుపత్రికి వచ్చిన రోగులను చూస్తే సరిపోతుందా? చాలదు. రోగం ముదిరినవారే ఆసుపత్రికి వస్తారు. ఊరిలో ఎందరు చుట్ట తాగుతున్నారు, వారిలో ఎందరికి నోట మచ్చలు పడ్డాయి, తాగనివారి సంగతి ఏమిటి? ఇవన్నీ తెలియాలంటే గడప గడపకు వెళ్ళక తప్పదు. బొంబాయిలోని టాటా మూల విజ్ఞాన పరిశోధన సంస్థలో దంత పరిశోధన విభాగాన్ని నడిపిన డాక్టర్ ఫలీ మెహతా, డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ యెన్స్ పిండ్‌బోర్గ్, గణాంక శాస్త్రవేత్త ప్రకాశ్ గుప్తా మొదలైనవారు 1960లలో ఆ పనికి పూనుకున్నారు. దేశంలో వారు ఎన్నుకున్న జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ కూడా వాటిలో ఉన్నాయి.

శ్రీకాకుళం పల్లెల్లో వారు ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళను పరీక్షించారు. ఆ వివరాలు 1971లో ప్రచురితమయ్యాయి. పరీక్షించిన వారిలో నూటికి సుమారు 44 మంది అడ్డపొగ తాగేవారే! మగవారికంటే ఆడవారే ఎక్కువ. పిల్లలూ, ఆలోచించండి. దారి సరిగా లేని పల్లెకు నడిచి వెళ్ళి, పరాయి మనిషిగా గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, ఒకసారి నోరు తెరవండి" అని పది వేల మందిని అడగడం సామాన్యమైన పనా? తెలియని డాక్టరుకు నోరు తెరిచి చూపిన ఆ అవ్వల మంచితనం సామాన్యమైనదా?

పని అంతటితో ముగియలేదు. మూడు జిల్లాల్లోనూ ముప్పై వేల మందిని పది సంవత్సరాల పాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూశారు. నోటి క్యాన్సర్ వచ్చినవారు దాదాపు అందరూ పొగాకును కాల్చినవారో, నమిలినవారో అని తేలింది. ఆ క్యాన్సర్ ఒక్కరాత్రిలో పుట్టదు. ముందు నోటిలో తెల్లని మచ్చలు, పొక్కులు కనబడతాయి. కొన్ని ఏళ్ళ తరువాత వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. అంటే ప్రమాదం ముందుగానే గంట కొట్టి చెబుతుందన్నమాట. వినేవారు ఉంటే చాలు.

ఇక్కడే పరిశోధకులకు ఒక గట్టి ప్రశ్న ఎదురైంది. లెక్క తేలింది, మరి ఆ లెక్కను ఏమి చేయాలి? ఇంగ్లీషు పత్రికలో వ్యాసం అచ్చు వేస్తే బొంబాయి డాక్టరు చదువుతాడు, లండను డాక్టరు చదువుతాడు. శ్రీకాకుళం అవ్వ చదవదు కదా! ఎవరి నోటిని చూసి పాఠం నేర్చుకున్నారో, ఆ పాఠం వారికే చేరకపోతే ఆ చదువు ఎందుకు?

అందుకని 1970ల చివరిలో వారు మరొక పని మొదలుపెట్టారు. మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎన్నుకున్నారు. ఏటా వెళ్ళి నోరు పరీక్షించడమే కాక, ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడారు. సినిమాలు చూపారు. రేడియోలో, పత్రికల్లో చెప్పారు. మనుషుల అలవాట్లను, మనస్సులను అధ్యయనం చేసే మీరా ఆఘీ వంటివారు ఈ బృందంలో పనిచేశారు. మానవలసినదిగా ఎవరినీ బెదిరించలేదు, అవమానించలేదు. ఫలితం ఏమిటి? ఇటువంటి బోధన లేకుండా అంతకుముందు పరీక్షించిన వారితో పోలిస్తే, ఇప్పుడు పొగాకు మానినవారు, తగ్గించినవారు ఎక్కువయ్యారు. నోట కొత్తగా మచ్చలు పుట్టడం తగ్గింది. 1986లో ఈ ఫలితాలు ప్రపంచ ప్రఖ్యాతి గల 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చాయి. చదువురాని పల్లె జనం అలవాటు మార్చుకోరని అనుకునేవారికి అది జవాబు. అర్థమయ్యే భాషలో, గౌరవంగా చెబితే ఎవరైనా వింటారు.

బాలబాలికలారా! అడ్డపొగ నేర్పిన పాఠం ఇదే. లెక్కపెట్టే ఓపిక ఒకటి, నచ్చజెప్పే ప్రేమ ఒకటి. ఈ రెండూ జంట ఎడ్ల వలె కలిసి నడిస్తేనే బండి కదులుతుంది. లెక్క లేని మాటను ఎవరూ నమ్మరు. మాటగా మారని లెక్క ఎవరికీ అందదు.

ఇదే జంట లోకమంతటా పనిచేసింది. 1950లో ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, సిగరెట్టుకు ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపారు. 1981లో జపానుకు చెందిన హిరయామా మరొక సంగతి బయటపెట్టాడు. తాము పొగ తాగని 91,540 మంది భార్యల ఆరోగ్యాన్ని ఆయన ఏళ్ళ తరబడి గమనించాడు. భర్త ఎక్కువగా సిగరెట్లు కాల్చే ఇంట్లో భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం ఎక్కువగా కనబడింది. కాల్చేది ఒకరు, పీల్చేది ఇంటిల్లిపాది! ఒకే గదిలో పలువురు పడుకునే కార్మికుల వసతుల్లో ఈ సంగతి ఎంత ముఖ్యమో మీరే ఊహించండి.

పొగలో ఏముంటుంది? నికోటిన్ ఉంటుంది. అది కొద్ది సెకన్లలోనే మెదడును చేరి, మళ్ళీ మళ్ళీ కావాలనిపిస్తుంది. మనిషిని కట్టివేసే తాడు అదే. తారు ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో జిగురులా పేరుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది; అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. నమిలే ఖైనీ, గుట్కాలలో పొగ లేదు కదా అని మోసపోవద్దు. నోటి క్యాన్సర్‌కు అవి దగ్గర దారి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొగాకు వలన ఏటా 70 లక్షలకు పైగా జనం మరణిస్తున్నారు. పొగాకు వాడేవారిలో నూటికి 80 మంది పేద, మధ్యతరగతి ఆదాయ దేశాలలోనే ఉన్నారు. దీనికి కారణం ఉంది. ధనిక దేశాలలో చట్టాలు గట్టిపడి, జనం మానుతున్నకొద్దీ సిగరెట్టు కంపెనీలు మన వంటి దేశాల వైపు చూశాయి. ఇక్కడ జనాభా ఎక్కువ, చిన్న పిల్లలు ఎక్కువ, చట్టాలు తక్కువ. ముసలివాడు చనిపోతే వాని స్థానంలో కొనేవాడు కావాలి కదా! ఆ కొనేవాడు ఎవరనుకున్నారు? మీ వయస్సు పిల్లవాడే.

ఈ అన్యాయాన్ని ఎదుర్కొనడానికి దేశాలు చేతులు కలిపాయి. 2003 మే 21న పొగాకు నియంత్రణ కోసం ఒక అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించాయి. అది 2005 ఫిబ్రవరి 27న అమలులోకి వచ్చింది. ఈనాడు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. భారతదేశం 2004లో, మీరున్న ఈ ఎమిరేట్స్ దేశం 2005లో దానిని ధ్రువపరిచాయి.

భారతదేశంలో 2003లో పొగాకు చట్టం వచ్చింది. 18 ఏళ్ళు నిండని వారికి అమ్మరాదు. బడికి వంద గజాల లోపల అమ్మరాదు. 2008లో గాంధీ జయంతి నాటి నుంచి బహిరంగ ప్రదేశాలలో పొగ తాగడంపై నిషేధం గట్టిగా అమలులోకి వచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి సిగరెట్టు పెట్టెపై నూటికి 85 పాళ్ళు హెచ్చరిక బొమ్మే ఉండాలి. చదవడం రానివారికి కూడా అర్థం కావాలనే కదా బొమ్మ! మన దేశంలో 2009-10లో పెద్దవారిలో నూటికి సుమారు 35 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2016-17 నాటికి వారు సుమారు 29 మందికి తగ్గారు. తగ్గుతుంది, కాని దానంతట అది తగ్గదు.

ఈ ఎమిరేట్స్ దేశంలో 2009లో 15వ సమాఖ్య చట్టం చేశారు. 18 ఏళ్ళ లోపు వారికి అమ్మడాన్ని, పొగాకు ప్రకటనలను నిషేధించారు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఉన్న కారులో పొగ తాగరాదన్నారు. 2017 అక్టోబరులో పొగాకుపై నూటికి నూరు వంతుల సుంకం వేశారు. ధర పెరిగితే పిల్లల చేతికి అందదు. ఇక్కడ కూడా పరిశోధన జరిగింది. 2008 నుంచి 2010 వరకు అబుదాబిలో ఆరోగ్య పరీక్షలు చేయించుకున్న 1,70,000 మందికి పైగా స్థానిక పౌరుల వివరాలను శాస్త్రవేత్తలు పరిశీలించారు. పురుషులలో నూటికి సుమారు 24 మంది పొగ తాగుతున్నారని తేలింది. సిగరెట్టు తరువాతి స్థానం 'మిద్వాఖ్' అనే చిన్న గొట్టానిది. చూడటానికి బొమ్మ వలె ఉంటుంది కనుక యువకులు దానికి త్వరగా లోబడుతున్నారు. మన అడ్డపొగ వలెనే, ఇదీ ఇంటివారిని, తోటివారిని చూసి నేర్చుకునేదే.

చిన్న దేశం ఏమి చేయగలదు అని మీరు అడగవచ్చు. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అనే చిన్న దేశం ఉంది. అక్కడ క్యాన్సర్ వైద్యుడైన తబరే వాస్కెస్ అధ్యక్షుడయ్యాడు. 2006లో మూసి ఉన్న బహిరంగ స్థలాల్లో పొగను నిషేధించాడు. తరువాత సిగరెట్టు పెట్టెలపై నూటికి 80 పాళ్ళు హెచ్చరిక ఉండాలని నియమం వచ్చింది. ఒక పెద్ద అంతర్జాతీయ సిగరెట్టు కంపెనీ 2010లో ఆ దేశంపై దావా వేసింది. ఆరేళ్ళు వాదనలు జరిగాయి. 2016 జూలైలో ఉరుగ్వే గెలిచింది. ప్రజల ఆరోగ్యాన్ని కాపాడుకునే హక్కు చిన్న దేశానికీ ఉందని తేలింది.

ఇంతవరకు విన్న మీలో ఎవరికైనా ఒక సందేహం కలిగి ఉండాలి. "మాస్టారూ, అందరూ పొగాకు మానేస్తే మా తాతయ్య పొగాకు చేను ఏమవుతుంది? మా అమ్మ బీడీల కూలి ఏమవుతుంది?" ఇది మంచి ప్రశ్న. దీనిని దాటవేయరాదు. పొగాకు రైతు మన శత్రువు కాదు. బీడీ చుట్టే తల్లి అంతకన్నా కాదు. నిజానికి పొగాకు వలన మొదట నష్టపోయేది వారే. తడి ఆకు కోసే కూలీల చర్మం గుండా నికోటిన్ ఒంటిలోకి చేరి, వాంతులు, తలతిరుగుడు వస్తాయి. ఆకు కాల్చే బ్యారన్లకు కట్టెలు కావాలి, చెట్లు కూలుతాయి. రోజంతా వంగి కూర్చుని బీడీలు చుట్టే తల్లికి నడుము నొప్పి, పొగాకు ధూళితో దగ్గు. అందుకే నేను చెప్పిన అంతర్జాతీయ ఒప్పందంలోనే రైతులకు, కూలీలకు వేరే బ్రతుకుదారి చూపాలనే మాట కూడా ఉంది. ఆ దారి చూపకుండా "మానండి" అని మాత్రమే అంటే సగం న్యాయమే అవుతుంది. ఈ మిగిలిన సగాన్ని పూర్తి చేయవలసిన తరం మీదే. మీలో వ్యవసాయ శాస్త్రవేత్తలు, వైద్యులు, చట్టాలు చేసేవారు కానున్నారు. అప్పుడు ఆ తాతయ్యను, ఆ తల్లిని మరువకండి.

ఇప్పుడు మీరు చేయగల పని చెబుతాను.

మొదటిది: మొదటి దమ్ము వద్దు. స్నేహితుడు "ఒక్కసారికి ఏమవుతుంది?" అంటాడు. హుక్కాకు పండ్ల వాసన పూసి ఇస్తారు. ఈ-సిగరెట్టును పెన్నులా చేసి ఇస్తారు. వాసన మారినా, రూపు మారినా నికోటిన్ మారదు. "నాకు వద్దు" అనడం పిరికితనం కాదు.

రెండవది: ఇంట్లో ఎవరైనా తాగుతుంటే వారిని తక్కువగా చూడకండి. ఎడారి ఎండలో పన్నెండేళ్ళుగా కుటుంబం కోసం కష్టపడే నాన్న ఒంటరితనంలో బీడీ ముట్టించి ఉండవచ్చు. "నాన్నా, చెడ్డ అలవాటు" అని దెప్పితే ఆయన పక్కకు పోయి తాగుతాడు. "నాన్నా, నీవు మాకు చాలాకాలం కావాలి" అని చెప్పండి. మానిన 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుందని, ఒక ఏడాదికి గుండెజబ్బు ప్రమాదం సగానికి దిగుతుందని చెప్పండి. ఆలస్యమైనా మానడం లాభమే అని చెప్పండి. ఒక్కసారికి మానలేకపోతే నిరాశ పడవద్దని, వైద్యుని సాయం అడగవచ్చని చెప్పండి.

మూడవది: నోట్లో మానని పుండు, తెల్లమచ్చ ఉన్నదని ఎవరైనా అంటే ఆలస్యం చేయనీయకండి. వెంటనే దంతవైద్యునికో, డాక్టరుకో చూపమనండి. ముందుగా కనుగొన్న జబ్బు చాలావరకు నయమవుతుంది.

పిల్లలూ! శ్రీకాకుళం అవ్వల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పది వేల మందిలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. అయినా వారు నోరు తెరిచి చూపిన నిజం దేశదేశాల వైద్యులకు పాఠమయింది. వారి నోటి బాధ వృథా పోకుండా చూసే బాధ్యత వారి భాష మాట్లాడే మనది. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళి, లేదా ఊరికి ఫోను చేసి, ఈ కథను అమ్మకో, నాన్నకో, అమ్మమ్మకో మీ మాటల్లో చెప్పండి. నేను చెప్పిన దానికంటే మీరు చెప్పినదే వారు శ్రద్ధగా వింటారు.



అభ్యాసం

1. అడ్డపొగ అంటే ఏమిటి? దానికి ఆ పల్లెల స్త్రీలు చెప్పుకున్న కారణాలు ఏవి?
2. ఆసుపత్రి రోగులను మాత్రమే చూస్తే సరిపోదని పరిశోధకులు ఎందుకు అనుకున్నారు?
3. "లెక్క లేని మాటను ఎవరూ నమ్మరు. మాటగా మారని లెక్క ఎవరికీ అందదు." ఈ వాక్యాలను సొంతమాటల్లో వివరించండి.
4. పొగాకు పండించే రైతుకు, బీడీ కార్మికురాలికి ఏ న్యాయం జరగాలని ఉపాధ్యాయుడు చెప్పాడు? మీ అభిప్రాయం ఏమిటి?
5. పొగ తాగే బంధువునకు గౌరవంగా నచ్చజెబుతూ ఒక ఉత్తరం వ్రాయండి.